తేరుకున్నాక చదివిన అంకె

మార్చి 4, మంగళవారం

నిన్న పొద్దున్న అన్ని పొద్దున్నల్లాంటిదే. అందుకే దాన్ని మళ్లీ మళ్లీ తలుచుకుంటున్నాను. ఎక్కడో ఒకచోట తేడా కనిపించి ఉండాలి కదా.

ఐదున్నరకు లేచి ప్రార్థన చేసుకున్నాను. మరదలు పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు జడ అల్లుకుంది. తమ్ముడు స్నానం చేసి మెట్లు దిగి వచ్చి, వంటింటి కిటికీ కింద కుర్చీలో కూర్చుని ఎడమ చేయి బల్ల మీద పెట్టాడు. నేను బీపీ మిషను పట్టీ చుట్టాను. "సంకెళ్లు గట్టిగా వేశావా అక్కా, పారిపోగలను" అన్నాడు. రోజూ అదే మాట. రోజూ నేను నవ్వను, వాడే నవ్వుకుంటాడు.

మొదటిసారి 166 మీద 100. అది లెక్కలోకి రాదు. అప్పుడే మెట్లు దిగాడు, మాట్లాడాడు. పక్కన కూర్చుని ప్రార్థన మొదలుపెట్టాను. ఒక పాదం మనసులో అనుకుంటూ ఊపిరి పీల్చడం, రెండో పాదం పైకి అంటూ వదలడం. నిమిషానికి ఆరు ఊపిరులు, అంతకు మించవు. నాన్న పోయిన ఏటి నుంచి ఇది నా అలవాటు. తమ్ముడికి రక్తపోటు ఉందని తేలాక, రెండేళ్ల కిందట, వాడికీ నేర్పాను. నా మూడు వేళ్లు వాడి మణికట్టు మీదే ఉంటాయి. పీల్చేటప్పుడు నాడి కాస్త తొందరపడుతుంది. వదిలేటప్పుడు నిమ్మళిస్తుంది, గుమ్మంలో చెప్పులు విడిచిన మనిషిలా.

పావుగంటకు రెండోసారి చూశాను, 148. ఇంకో పావుగంటకు 134 మీద 82. అది పుస్తకంలో రాశాను.

పోసిన వెంటనే నీళ్లను నమ్మకు, తేరుకున్నాకే కన్ను సమానంగా పెట్టి చదువు అనేవాడు నాన్న. దాదాపు నలభై ఏళ్లుగా ఈ గాజు కొలజాడీల మీద కొలత గీతలు అలాగే పెడుతున్నాను. నా గీత తప్పని ఏ ప్రయోగశాల నుంచీ ఒక్క జాడీ వెనక్కి రాలేదు. మనిషిని మాత్రం ఊగుతుండగానే చదవాలా?

ఎనిమిదికి ముగ్గురం కింద పనిగదిలోకి దిగాం. నేను నా జాడీల ముందు, మరదలు గాజు చల్లార్చే పొయ్యి దగ్గర, తమ్ముడు మంట ముందు. మందుల కంపెనీ వాళ్లకు ఇరవై లీటర్ల గాజు కుప్పెలు మూడు కావాలి. చేతులు గాజును తిప్పుతుంటే, పళ్ల మధ్య రబ్బరు గొట్టం పెట్టుకుని, బుగ్గలు నిండేలా ఊదాలి. పదకొండింటికి ఊదుతూ ఊదుతూ గొట్టం వదిలేశాడు. మంట చిన్నది చేసి నేల మీద కూర్చుండిపోయాడు. కళ్లు తిరిగాయన్నాడు. నాలుగైదు నిమిషాలకు మామూలయ్యాడు. కుప్పె పగిలింది.

మంట చిన్నది చేశాడు. ఆ స్థితిలోనూ మరిచిపోలేదు.

తను పోయిన రోజు నాన్న చేయలేదు.

మార్చి 5, బుధవారం

134 మీద 84. మూడోసారికే.

మార్చి 7, శుక్రవారం

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. వాడు, మరదలు, నేను. గంటన్నర బల్ల మీద కూర్చున్నాం. బల్లకు ఒక కాలు పొట్టి. ఎవరు కదిలినా ముగ్గురం ఊగుతున్నాం.

ఆవిడ చూస్తే 158 వచ్చింది. నవ్వింది. ఇక్కడికి వస్తే అందరికీ పెరుగుతుందని, ఇంట్లో చూసిన అంకెలనే తాను నమ్ముతానని చెప్పి నా పుస్తకం అందుకుంది. రెండు నెలల పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. ఇంత శుభ్రంగా రాసేవాళ్లు ఏడాదికి ఒక్కరు కూడా రారట. నా చెవులు వేడెక్కాయి.

కళ్లెందుకు తిరిగాయో చెప్పింది. ఊపిరి బిగబట్టి ఊదినంతసేపూ ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది. గుండెకు తిరిగి రావలసిన రక్తం దారిలోనే ఆగుతుంది. ఊపిరి వదలగానే అదంతా ఒక్కసారి వచ్చి పడుతుంది, బీపీ ఎగసి లేస్తుంది. ఆ దిగడంలోనో లేవడంలోనో తల తిరుగుతుంది. పుస్తకంలో అంకెలు ఇంత బాగున్నాయంటే మందు ఎక్కువై, దిగినప్పుడు మరీ దిగిపోతోందేమో అంది. రెండు మాత్రల్లో ఒకటి ఆపమంది.

"ఎలా చూస్తున్నారమ్మా?" అని నన్నే అడిగింది.

"నెమ్మదిగా కూర్చోబెట్టి."

"మంచిది."

ఇంకో మాట నోటిదాకా వచ్చింది. బయట చాలామంది ఎదురుచూస్తున్నారు. ఒక చంటిబిడ్డ ఏడుస్తోంది.

దారిలో వాడు మరదలితో అన్నాడు: "చూశావా, అక్క ప్రార్థన ఒక మాత్రను మింగేసింది."

ఆ మాటకు నాకు సంతోషం కలిగింది. దేవుడు చూశాడు కనుక రాస్తున్నాను.

మార్చి 8, శనివారం

ఒక మాత్రే. 136.

మార్చి 11, మంగళవారం

172. 164. 156. 148. 140 మీద 88.

చివరిది రాశాను. తేరుకోవడానికి ఇవాళ ఎక్కువసేపు పట్టింది. ఎండలు మొదలయ్యాయి కదా.

నాలుగోసారికి వాడు, అక్కా, నేను లేస్తే కుర్చీ కూడా నాతో లేచేట్టుంది అన్నాడు. మరదలు రెండుసార్లు వంటింటి గుమ్మంలోకి వచ్చి చూసి వెళ్లింది. మూడోసారి వచ్చి, "వదినా, పాలు చల్లారి మీగడ కట్టాయి" అంది. ఆమె పాల గురించి అనలేదు. నాన్న పోయాకే ఈ ఇంటికి కోడలుగా వచ్చినా, నాన్న చావు కథ ఆమెకు కంఠతా వచ్చు. నేనే చెప్పాను.

మార్చి 13, గురువారం

పొద్దున్న తల వెనక చేయి పెట్టుకుని కూర్చున్నాడు. నిద్ర చాలలేదన్నాడు. 138. ఎన్నోసారికో రాయను.

పనిగదిలో ఒక జాడీ మీద యాభై దగ్గర గీత పక్కకు పోయింది. వెంట్రుకవాసి. వాడేవాళ్లకు ఎప్పటికీ తెలియదు. అయినా తీసి బుట్టలో పగలగొట్టాను. మరదలు తల ఎత్తి చూసి మళ్లీ పొయ్యి వైపు తిరిగింది.

మార్చి 14, శుక్రవారం

138.

మార్చి 15, శనివారం

138. ప్రార్థనలో రెండుసార్లు పాదం మరిచిపోయాను.

మార్చి 16, ఆదివారం

చెల్లెలు వచ్చింది. రెండు వీధుల అవతలే ఇల్లు, అయినా ఆదివారం దాకా తీరదు దానికి. బడిలో లెక్కలు చెబుతుంది. ఇంట్లోకి వస్తూనే మనుషులందరినీ ఐదో తరగతిలో కూర్చోబెడుతుంది. తమ్ముడిని చూసి, మొహం కందగడ్డలా ఉందేమిటి, ఎవరితో పోట్లాడావు అంది. మంటతో అన్నాడు వాడు.

బీపీ పుస్తకం తీసి తిరగేసింది.

"ఇది అన్నయ్య బీపీయా అక్కా, నీ చేతిరాత పోటీయా? ఒక్క కొట్టివేత లేదు."

తప్పు రాస్తే కదా కొట్టివేత అన్నాను.

"నా పిల్లల్లో ఎవడికైనా వరసగా నెల రోజులు ఒకే మార్కు వస్తే నేను వాడి రఫ్ పుస్తకం అడుగుతాను. లెక్క తప్పయినా ఒక మార్కు వేస్తాను కానీ, రఫ్ చెరిపేస్తే సున్నా." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు అయిపోయాక చూసుకుంటే ఊపిరి బిగబట్టి ఉన్నాను.

నాకు రఫ్ పుస్తకం లేదు. మొదటి అంకెలు ఎక్కడా రాయలేదు. దాచలేదు, రాయలేదు. రెండింటికీ తేడా ఉంది. ఉందనే అనుకుంటున్నాను.

మార్చి 17, సోమవారం

అంతా వరసగా రాయాలి.

పొద్దున్న మొదటిది 182. నేను పుస్తకం మూసేసి, ఇవాళ్టికి చాలు, పనికి వెళ్లు అన్నాను. ఎందుకన్నానో తెలియదు. తేరుకునేదాకా కూర్చోబెట్టే ఓపిక లేదు నాకు. వాడు మరీ మంచిది అంటూ లేచాడు. పనికి వెళ్లమన్నాను కనుక బాగుందనే అనుకున్నాడు.

పదిన్నరకు రెండో కుప్పె మొదలుపెట్టాడు. నేను జాడీలు వదిలేసి వాడినే చూస్తున్నాను. గాజు మెత్తబడి ఎర్రగా ఊగుతుంటే, వాడు ముక్కుతో లాగి, బిగబట్టి, ఊదాడు. మెడ మీద నరం తాడులా లేచింది. బుగ్గలు నిండాయి. మొహం చెవుల దాకా కందిపోయింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. పదిహేను దాకా వదలలేదు. నా ప్రార్థనలో ఒకటిన్నర ఊపిరులు. వాడు ఊదడమే తప్ప పీల్చడం లేదు.

మరదలు నా పక్కకు వచ్చి, "వదినా, ఇప్పుడు చూడండి మిషనుతో. ఇప్పుడే" అంది. గొంతు పెంచలేదు. మెట్లెక్కి తెచ్చాను. వాడు గొట్టం వదిలాక, మంట తగ్గించాక, నిలబడ్డవాడిని స్టూలు మీద కూర్చోబెట్టి పట్టీ చుట్టాను. ఇవాళ సంకెళ్ల మాట అనలేదు.

204 మీద 116.

మిషను నా వైపు ఉంది. వాడు దాని వైపు చూడలేదు, నా మొహం వైపు చూశాడు.

"ఎంత?"

"కాస్త ఎక్కువే. తేరుకోనీ."

మణికట్టు మీద వేళ్లు పెట్టి ప్రార్థన ఎత్తుకున్నాను. మొదటి పాదం దాటలేదు. ఊపిరి నాకే అందలేదు. ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి. వాడు నా చేయి వదిలించుకుని, తన మూడు వేళ్లు నా మణికట్టు మీద పెట్టాడు. కాలిన మచ్చలున్న వేళ్లు. 

"అక్కా, పొద్దున్న మొదటిసారి ఎంత వస్తోంది?"

"నువ్వు చూడవా?"

"నేనెప్పుడు చూశాను? నువ్వు రాస్తే బాగున్నట్టు. నీ మొహమే నా మిషను."

మరదలు మిషను తన వైపు తిప్పుకుని అంకె చూసింది. వెంటనే వెళ్లి డాక్టరమ్మకు ఫోన్ చేసింది. పని ఆపేయమని, ఆపిన మాత్ర ఇప్పుడే వేయమని, పక్కన ఒకరు ఉండమని, గుండెలో నొప్పి గానీ మాట తడబాటు గానీ వస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లమని, లేకపోతే రేపు పొద్దున్నే రమ్మని చెప్పిందట. కుప్పె సగంలో ఆగి చల్లారిపోయింది. ఆ చల్లారే చిటపటలు వింటూ కూర్చున్నాం.

నేను చెల్లెలికి ఫోన్ చేశాను. రమ్మన్నాను. సాయంత్రం బడి వదలగానే సంచీతో అలాగే వచ్చింది.  మిషను దాని చేతిలో పెట్టి, పక్కనున్న బటన్ నొక్కమన్నాను. అది తొంభై అంకెలు గుర్తుపెట్టుకుంటుంది. కొన్న రోజే నాకు తెలుసు.

చెల్లెలు నొక్కుతూ, చదువుతూ, నా పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూసింది. మొదట్లో వేగంగా, తరువాత నెమ్మదిగా. చివరికి నొక్కడం మానేసింది. కోప్పడుతుందనుకున్నాను. దానిని పెంచింది నేను. దాని జడలు వేసింది నేను.

"తేరుకునేదాకా ఆగడానికి అన్నయ్య కొలజాడీ కాదక్కా" అంది. అంతే.

మార్చి 18, మంగళవారం

పొద్దున్న అందరం వెళ్లాం. చెల్లెలు బడికి సెలవు పెట్టింది. డాక్టరమ్మ ముందు మిషను, పుస్తకం రెండూ పెట్టాను. ఎలా చూశానో, ఎన్నిసార్లు చూశానో, ఏది రాశానో ఒక్కొక్కటే చెప్పాను. నేను ఇన్ని మాటలు ఒకేచోట మాట్లాడి ఎన్నేళ్లయిందో.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నెమ్మదిగా ఊపిరి తీస్తే గుండె వేగం తగ్గుతుందని, రక్తనాళాలు సడలుతాయని, ఆ కాసేపు బీపీ నిజంగానే దిగుతుందని చెప్పింది. నా ప్రార్థన అబద్ధం కాదట.

"కానీ అమ్మా, నేను మందు ఇవ్వవలసింది ఆ అరగంటకు కాదు. మిగతా ఇరవై మూడున్నర గంటలకు. ఆ మనిషిని మీరు నాకు చూపించలేదు."

చూపించలేదు. అవును.

గుండె పరీక్షలు చేయించింది. గుండె గోడ కాస్త మందమైందట. ఇప్పటికి భయం లేదు, ఇలాగే వదిలేస్తే ఉంటుంది. నాన్న ఊదుతూ ఊదుతూ మంట ముందే కూలిపోయి చనిపోయిన సంగతి తమ్ముడు చెప్పాడు. అప్పుడు నాన్నకు నలభై ఎనిమిది. నాకు పంతొమ్మిది. ఆయన ఊపిరి బిగబట్టి ఊదుతుంటే మెడ మీద నరం లేవడం రోజూ చూసేదాన్ని. నీటి గీత సరిగ్గా ఉందో లేదో చూసుకుంటూ ఉండిపోయాను. ఇది వాడు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నాకు చిన్న అంకె కావాలనిపించింది. అంతకన్నా ఏమీ లేదు. ప్రార్థించింది వాడి ఆరోగ్యం కోసమా, ఆ అంకె కోసమా అని ఇవాళ దేవుణ్ణి అడిగాను. ఆయన కూడా నా మొహమే చూశాడు.

సాయంత్రం నలుగురం వంటింట్లో కూర్చున్నాం. తమ్ముడు ఆ కుర్చీలో కూర్చోలేదు, గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. చెల్లెలు కుర్చీ లాక్కుని, సంచీలోంచి ఎర్ర పెన్ను తీసింది. మరదలు అందరికీ టీ ఇచ్చాక, తనది చేతిలోనే పట్టుకుని నిలబడింది. మాట్లాడుకుని ఇలా నిర్ణయించాం.

మాత్రలు మళ్లీ రెండు. అది డాక్టరమ్మ చెప్పిందే.

వారం పాటు పనిగది తాళం. తరువాత కూడా తమ్ముడు గొట్టం నోట్లో పెట్టకూడదు. కుప్పెలు ఆలస్యమవుతాయని కంపెనీకి చెల్లెలు ఫోన్ చేస్తుంది, వాళ్లు ఎలాంటి గొంతుతో మాట్లాడినా సరే. గాజును తిప్పడం వాడి చేతులు, ఊదడం మరదలు. ఆమెకు కూడా ముందు బీపీ, గుండె చూపించాకే, అదీ చిన్న జాడీలతో మొదలు. పెద్ద కుప్పెలకు గాలి పంపు పెట్టడం కుదురుతుందేమో కనుక్కోవాలి. ఒకరి ఊపిరికి ఇంకొకరి చేతులు కుదరవని, గాజు అంత ఓర్చుకోదని వాడు చాలాసేపు వాదించాడు. మరదలు అంతా విని, "ముప్పై ఏళ్లుగా మీ కనుసైగ చూసే ఇల్లు నడిపాను. గాజు నాకంటే మొండిదా?" అంది. వాడు మాట్లాడలేదు. ఒప్పుకున్నట్టే అని ఎర్ర పెన్నుతో రాసుకుంది చెల్లెలు.

పొద్దున్న బీపీ ఇక చెల్లెలు చూస్తుంది, బడికి వెళ్లే దారిలో వచ్చి. వాడిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, రెండుసార్లు, రెండూ రాయాలి. పనిచేసిన రోజు సాయంత్రం ఇంకోసారి. ఏది వస్తే అది. అంకె వాడు కూడా కళ్లతో చూసి పక్కన సంతకం పెట్టాలి.

బీపీ చూసేటప్పుడు నేను గదిలో ఉండకూడదు. ఈ మాట ఎవరు అంటారా అని అందరూ కాసేపు టీ గ్లాసుల్లోకి చూశారు. చివరికి తమ్ముడే అన్నాడు, నా వైపు చూడకుండా. నేను పక్కనుంటే వాడి ఊపిరి దానంతట అదే నాతో నడుస్తుందట, తాను ఆపలేడట. సరే అన్నాను. ప్రార్థన మానక్కర్లేదు. అంకెలు రాయడం అయ్యాక పిలుస్తారు, అప్పుడు వచ్చి కూర్చోవచ్చు. వాడు కూడా కూర్చుంటానన్నాడు.

పాత పుస్తకం డాక్టరమ్మ దగ్గరే ఉంది. చెల్లెలు కొత్తది తెచ్చింది, గీతలు లేని తెల్ల కాగితాలది. అంకెలు చెల్లెలే రాస్తుంది. గడులు మాత్రం నన్ను గీసి పెట్టమన్నారు, నా చేయి తిన్నగా పోతుందని. స్కేలు తెచ్చుకుని నెలకు సరిపడా గీశాను. ఒక్కో రోజుకు మూడు గడులు, పక్కన వాడి సంతకానికి చోటు.